పిల్లలు పట్నంలో ఇల్లు వెతుక్కుంటుంటే అద్దె ఒక్కటే అడగకండి, గంటలు కూడా అడగండి



ఈ మధ్య మన చోడవరం చుట్టుపక్కల ఏ ఊరెళ్ళినా ఒకటే మాట వినిపిస్తోంది. "మా వాడ్ని మళ్ళీ ఆఫీసుకి రమ్మంటున్నారట. కోడల్ని, పిల్లల్ని కూడా తీసుకుపోతాడట. ఎక్కడుంటే మంచిదంటావు?" అని. 2020లో కరోనా టైముకి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఊరొచ్చిన పిల్లలు మూడేళ్ళు, నాలుగేళ్ళు మన అరుగుల మీదే కూర్చుని ఉద్యోగం చేశారు. వాళ్ళ పిల్లలు ఇక్కడి బడుల్లోనే చేరారు. ఆ తర్వాత కంపెనీలు ముందు వారానికి రెండు రోజులన్నాయి, తర్వాత మూడన్నాయి, ఇప్పుడు ఐదు రోజులూ రమ్మంటున్నాయి. హాస్టల్లో మంచం తీసుకుని గడిపేద్దామంటే పెళ్ళాం పిల్లలున్నవాడికి ఎన్నాళ్ళు కుదురుతుంది?

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. 2025 ఏప్రిల్, మే నెలల్లో చెరకు కోత అయిపోయి చేతికి ఖాళీ దొరికింది. నేను ఇరవై రోజులు హైదరాబాద్‌లో ఉండి మా అబ్బాయితో కలిసి ఇళ్ళు చూశాను. పొలం లెక్కలు రాసే నోటు పుస్తకంలోనే ఆ లెక్కలూ రాసుకున్నాను. చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు అందరికీ ఉంటుందని ఇక్కడ రాస్తున్నాను. పెద్ద పోస్టే, ఓపిక పట్టండి.

అబ్బాయి ఆఫీసు రాయదుర్గం దగ్గర. కోడలు ల్యాబ్ టెక్నీషియన్, ఆ అమ్మాయికి సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పని దొరికింది. మనవరాలు మూడో తరగతి, మనవడు ఎల్‌కేజీ. ఇద్దరూ పనికి పోవాలి, ఆ ఇద్దరి పనులూ ఊరికి చెరో పక్క. చిక్కంతా ఇక్కడే ఉంది. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఇదే పరిస్థితి కాబట్టి ముందే చెప్తున్నాను.

మేం మూడు రకాల ఇళ్ళు చూశాం. అన్నీ రెండు బెడ్రూములవే.

మొదటిది కొండాపూర్ వైపు, అబ్బాయి ఆఫీసుకి దగ్గర. అద్దె 32 వేలు, మెయింటెనెన్స్ 3 వేలు, మొత్తం 35 వేలు. అబ్బాయికి బండి మీద పోనూ రానూ గంట.

రెండోది ఊరి చివర, అమీన్‌పూర్ వైపు. అద్దె 17 వేలు, మెయింటెనెన్స్ 2 వేలు, మొత్తం 19 వేలు. కొత్త ఇల్లు, గాలి వెలుతురు బాగున్నాయి. కారులో పోవాలి, రాకపోకలు కలిపి 40 కిలోమీటర్లు.

మూడోది ఉప్పల్ వైపు, మెట్రో స్టేషన్‌కి నడిచే దూరం. అద్దె 21 వేలు, మెయింటెనెన్స్ 1,500, మొత్తం 22,500.

ఎవరికైనా మొదట కన్ను పడేది రెండోదాని మీదే. కొండాపూర్ కంటే నెలకి 16 వేలు మిగులుతుంది. కొత్త ఇల్లు పైగా. బ్రోకరు కూడా "ఆఫీసుకి నలభై నిమిషాలే సార్" అన్నాడు. ఆయన మమ్మల్ని తీసుకెళ్ళింది ఆదివారం మధ్యాహ్నం. మనం భూమి కొనేటప్పుడు ఏం చేస్తాం? ఎండాకాలం వెళ్ళి బావిలో నీళ్ళు చూస్తాం, వానాకాలం వెళ్ళి ముంపు చూస్తాం. ఇంటికైనా అంతే. సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆ ఇంటి గుమ్మం ముందు నుంచి బయల్దేరి ఆఫీసు గేటు దాకా వెళ్ళి చూద్దామన్నాను. వెళ్ళాం. గంటా ఇరవై నిమిషాలు. సాయంత్రం వెనక్కి రావడానికి గంటన్నర పైనే. రోజుకి మూడు గంటలు తక్కువ కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. కొండాపూర్ ఇంటికీ అమీన్‌పూర్ ఇంటికీ అబ్బాయి ఒక్కడికే రోజుకి రెండు గంటలు తేడా. నెలకి 22 రోజులు ఆఫీసు అంటే 44 గంటలు. ఎనిమిది గంటల పనిరోజు లెక్కన అయిదున్నర రోజులు. ఏడాదికి 66 రోజులు. మనలో ఎవరైనా 66 మంది కూలీలకి డబ్బులిచ్చి, ఏ పనీ చెప్పకుండా గట్టు మీద కూర్చోబెడతామా?

డబ్బు సంగతీ చూద్దాం. నెలకి 880 కిలోమీటర్లు, లీటరుకి 15 కిలోమీటర్లు వేసుకుంటే దగ్గర దగ్గర 59 లీటర్లు. అప్పట్లో అక్కడ పెట్రోలు లీటరు 107 రూపాయలు. అంటే 6,300. కొండాపూర్‌లో బండికి 700 అనుకుంటే ఖర్చు తేడా 5,600. అద్దెలో మిగిలిన 16 వేలల్లో ఇది తీసేస్తే మిగిలేది 10,400. దాన్ని 44 గంటలతో భాగిస్తే గంటకి 236 రూపాయలు. కారు సర్వీసు, టైర్లు నేను కలపలేదు. అవి కలిపితే ఇంకా తగ్గుతుంది. పిల్లాడు పొద్దున్న నిద్ర, సాయంత్రం బిడ్డలతో గడపాల్సిన టైము గంటకి 236 చొప్పున రోడ్డుకి అమ్ముకున్నట్టే. కొందరికి ఆ డబ్బు అవసరం ఉంటుంది, తప్పేం లేదు. తెలిసి అమ్ముకుంటే సరే. "అద్దె తక్కువ" అని సంబరపడి తెలియకుండా అమ్ముకుంటేనే బాధ.

మరి మూడోదాని సంగతి. మ్యాపులో చూస్తే ఉప్పల్ నుంచి రాయదుర్గం మూడింటిలోకీ దూరం. ఊరికి ఆ చివర నుంచి ఈ చివరకి. కానీ మధ్యలో మెట్రో ఉంది. హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలైంది. ఇప్పుడు మూడు లైన్లు, మొత్తం 69 కిలోమీటర్లు. ఎర్ర లైను మియాపూర్ నుంచి ఎల్బీ నగర్. నీలం లైను నాగోల్ నుంచి రాయదుర్గం. ఆకుపచ్చ లైను జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్.

మనవాళ్ళు ఇక్కడే ఒకటి గమనించాలి. కూకట్‌పల్లి, మియాపూర్ అంటే మన ఆంధ్రా వాళ్ళు ఎక్కువ, హోటల్లో మన కూర దొరుకుతుంది, హైటెక్ సిటీకి దగ్గర అని అందరూ అటే చూస్తారు. రోడ్డు మీద దగ్గరే, నిజమే. కానీ మెట్రో ఎక్కితే మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా వచ్చి, అక్కడ దిగి నీలం లైను ఎక్కి, మళ్ళీ వెనక్కి హైటెక్ సిటీ వైపు పోవాలి. ఎర్ర లైను, నీలం లైను కలిసేది ఆ అమీర్‌పేట ఒక్కచోటే. ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు. కాబట్టి మియాపూర్ వైపు ఉండేవాళ్ళు బండో బస్సో లెక్కేసుకోవాలి గాని "ఇంటి పక్కనే మెట్రో" అన్న మాటకి ఎక్కువ అద్దె ఇవ్వక్కర్లేదు. అదే ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక అయితే నీలం లైను మీదే ఉన్నాయి. ఎక్కడా మారక్కర్లేకుండా సూటిగా రాయదుర్గం పోతుంది.

ఇంకో సంగతి. మన చోడవరం బస్టాండులో ఎక్కితే సీటు దొరుకుతుంది, వెంకన్నపాలెంలో ఎక్కితే నిలబడాలి. మెట్రోకీ అదే సూత్రం. పొద్దున్న నాగోల్‌లో రైలు ఖాళీగా బయల్దేరుతుంది, దాని తర్వాతి స్టేషనే ఉప్పల్. సాయంత్రం రాయదుర్గంలో ఖాళీగా బయల్దేరుతుంది. రెండు పక్కలా కూర్చునే పోవచ్చు. మధ్య స్టేషన్లలో ఎక్కేవాళ్ళు వేలాడుతూ రావడం నేను కళ్ళారా చూశాను.

మేం ఇల్లు వెతుకుతున్న ఆ మే నెలలోనే మెట్రో టికెట్ పెంచారు. అంతవరకు ఎక్కువలో ఎక్కువ 60 రూపాయలు ఉండేది, 75 చేశారు. జనం గోల పెట్టాక కొద్ది రోజులకే 69కి దించారు. ఈ చివర నుంచి ఆ చివరకి పోయినా 69 దాటదు. రోజుకి 138, నెలకి 22 రోజులకి 3,036.

కోడలి సంగతి. నీలం లైను మీదే సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్ ఉంది. బస్సులూ ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు, సిటీలో మెట్రో ఎక్స్‌ప్రెస్‌లు ఉచితం. కాకపోతే అక్కడి అడ్రసు ఉన్న ఆధార్ చూపించాలి. ఇల్లు మారిన వెంటనే ఆధార్‌లో అడ్రసు మార్పించుకోండి, నెలకి వెయ్యో రెండు వేలో మిగులుతుంది.

ఇద్దరి గంటలూ కలిపి రాసుకున్నాను. కొండాపూర్ అయితే అబ్బాయికి ఒకటి, కోడలికి రెండున్నర, మొత్తం మూడున్నర గంటలు. అమీన్‌పూర్ అయితే ఇద్దరికీ కలిపి ఆరు దాటుతుంది. ఉప్పల్ అయితే అబ్బాయికి రెండు గంటల ఇరవై నిమిషాలు, కోడలికి గంట, మొత్తం మూడు గంటల ఇరవై నిమిషాలు. కొండాపూర్‌తో సమానంగానే వచ్చింది, అద్దె మాత్రం 12,500 తక్కువ. పైగా కోడలు సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో అది అన్నిటికంటే పెద్ద లెక్క.

చాలామంది కొడుకు ఆఫీసు ఒక్కటే చూసి ఇల్లు తీసుకుంటున్నారు. కోడలు రెండు బస్సులు మారి, ఏడున్నరకి ఇల్లు చేరి, అప్పుడు వంట మొదలు పెట్టాలి. నెల తిరక్కుండా "ఉద్యోగం మానేస్తాను" అంటుంది. ఒక జీతం పోయాక మిగిలిన అద్దె ఏ మూలకి వస్తుంది? మా కోడలు ఆ ఇరవై రోజుల్లో ఒక్కసారే మాట్లాడింది. "మావయ్యా, నేను ఎంత దూరమైనా వెళ్తాను గాని, పిల్లలు పడుకున్నాక ఇంటికి చేరే ఇల్లు మాత్రం వద్దు" అంది. దాంతోనే తేలిపోయింది.

ఉప్పల్ అందరికీ మంచిదని నేను చెప్పడం లేదు. ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో కోకాపేటలోనో అయితే అక్కడిదాకా ఇంకా మెట్రో లేదు. రాయదుర్గంలో దిగి మళ్ళీ బస్సో షేర్ ఆటోనో పట్టుకోవాలి. అలాంటివాళ్ళు లింగంపల్లి, చందానగర్ వైపు చూసుకోవచ్చు. అక్కడ ఎంఎంటీఎస్ రైలు కూడా ఉంది. 2003 నుంచి నడుస్తోంది, టికెట్ మెట్రో కంటే బాగా చౌక. రైళ్ళు తక్కువ కాబట్టి టైము పట్టిక పెట్టుకుని బతకాలి.

బెంగళూరు పంపేవాళ్ళకీ లెక్క ఇదే. వైట్‌ఫీల్డ్ దాకా మెట్రో 2023లో పూర్తిగా అయింది. 2025 ఫిబ్రవరిలో అక్కడ టికెట్ 90 రూపాయల దాకా పెంచారు. అడ్వాన్స్ సంగతి ముందే అడగండి, హైదరాబాద్‌లో రెండు మూడు నెలలది సరిపోతుంది గాని అక్కడ చాలా ఎక్కువ అడుగుతారు.

పిల్లల చదువు విషయం తెలియక ఇబ్బంది పడేవాళ్ళు ఎక్కువ. తెలంగాణలో ఏ బడిలో చేర్చినా పదో తరగతి దాకా తెలుగు ఉంటుంది, 2018 చట్టంతో తప్పనిసరి చేశారు. కాబట్టి మన పిల్లలకి భాష కొత్త కాదు. కానీ ఇంజనీరింగు, మెడిసిన్ సీట్లకి లోకల్ ఎవరనేది ఉంది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది ముఖ్యంగా చూస్తారు. విడిపోయాక పదేళ్ళు ఉన్న ఉమ్మడి ప్రవేశాల ఏర్పాటు 2024 జూన్ 2తో అయిపోయింది. అందుకని తొమ్మిదో పదో చదువుతున్న పిల్లల్ని మధ్యలో కదపకండి. కదిపితే ఎనిమిది లోపే కదపండి, లేకపోతే ఇంటర్ అయ్యేదాకా తాతయ్య, నాన్నమ్మల దగ్గరే ఉంచండి. మా మనవరాలు మూడో తరగతే కాబట్టి భయం లేదు. బడి మాత్రం ఇంటికి నడిచే దూరంలో చూశాం. పెద్దవాళ్ళకి ప్రయాణం తగ్గించి చిన్నదాన్ని గంట సేపు స్కూలు బస్సులో తిప్పడం ఏం న్యాయం?

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. ఇదే మా ఇంట్లో నిద్ర లేకుండా చేసిన మాట.

అబ్బాయి అన్నాడు. "నాన్నా, నెలనెలా అద్దె కడితే ఏం మిగుల్తుంది? రోడ్డు పక్క 40 సెంట్లు ఊరికే ఉంది. అది అమ్మితే ఇరవై లక్షలు పైనే వస్తాయి. మిగతాది లోన్ పెట్టి ఫ్లాటు కొనేద్దాం." ఊరికే ఏం లేదు, దాన్లో జీడి, కొబ్బరి ఉన్నాయి. సరే, పిల్లాడు అడిగిందాంట్లోనూ అర్థం ఉంది. మా ఆవిడ కూడా కొడుకు పక్కే. "మనం పోయాకైనా వాళ్ళదేగా, ఇప్పుడే ఇస్తే సుఖపడతారు గదండీ" అంది.

నేను ఏమీ అనకుండా బ్యాంకుకి వెళ్ళి అడిగాను. 80 లక్షల ఫ్లాటు. మనం 20 లక్షలు కడితే 60 లక్షలు అప్పు. 20 ఏళ్ళకి, ఎనిమిదిన్నర వడ్డీకి నెలకి 52 వేలు కట్టాలి. 240 నెలలకి లెక్కేస్తే కోటీ పాతిక లక్షలు. రిజిస్ట్రేషన్, చెక్క పని వేరే. అదే ఇంట్లో అద్దెకి ఉంటే పాతిక వేలు కూడా పడదు. అంటే నెలకి 27 వేలు ఎక్కువ కట్టాలి. అవతల కంపెనీ ఈ రోజు రాయదుర్గంలో ఉంది, రేపు ఎక్కడికి మారుస్తుందో ఎవరికి తెలుసు? ఉద్యోగం మారితే అద్దె ఇల్లు రెండు నెలల నోటీసుతో ఖాళీ చేసి ఆఫీసు దగ్గరకి పోవచ్చు. సొంత ఫ్లాటు అయితే దానికోసం రోజుకి మూడు గంటలు తిరగాల్సిందే.

ఈ కాగితం కొడుకు ముందు పెట్టాను. "అమ్మనని అనడం లేదురా నాన్నా. రెండేళ్ళు అద్దెకి ఉండండి. మీ ఇద్దరి ఉద్యోగాలూ నిలిచి, పిల్లలకి ఆ చోటు నచ్చితే అప్పుడు మాట్లాడుకుందాం. ఈ లోపు ఆ 40 సెంట్లు ఎక్కడికీ పోదు. అమ్మిన భూమి మాత్రం మళ్ళీ రాదు" అన్నాను. రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. తర్వాత సరే అన్నాడు. ఇంటి అడ్వాన్స్, పిల్లల బడి ఫీజు మొదటి విడత నేను కట్టాను. అది నా వాటా.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ అడిగితే ఏం చెప్తానో నాకూ తెలీదు. వాడికి వ్యవసాయం చేసే ఉద్దేశం లేదు. నాకా యాభై దాటి చాలా అయింది. భూమి ఎవరి కోసం కాపలా కాస్తున్నాను అని ఒక్కోసారి నాకే అనిపిస్తుంది. మీలో చాలామందికి ఈ ప్రశ్న ఉందని తెలుసు.

మరొకటి, పిల్లలు పనికి పోతే ఇంట్లో పసివాడ్ని ఎవరు చూస్తారన్నది ఎవరూ ముందు లెక్కేయరు. మనవడికి బడి మధ్యాహ్నానికే అయిపోతుంది. మనిషిని పెట్టుకుంటే నెలకి పది వేలు పైనే. కాబట్టి నాన్నమ్మ వెళ్ళాలి. ఇది రాసేనాటికి మా ఆవిడ అక్కడే ఉంది. నాలుగో అంతస్తు. కింద మట్టి లేదు, పలకరించే ఇరుగుపొరుగు ఇంకా కుదర్లేదు. నేనిక్కడ ఆవుకి కుడితి పెట్టుకుని, నాకింత వండుకుని ఉంటున్నాను. రోజూ రాత్రి ఫోన్లో "ఆవు పాలెన్ని ఇచ్చింది" అని అడుగుతుంది, నేను తిన్నానా లేదా అని ఆ తర్వాత అడుగుతుంది. పట్నం కాపురం ఖర్చంటే అక్కడి ఖర్చు ఒక్కటే కాదు, ఇక్కడి ఇల్లు కూడా రెండు ముక్కలవుతుంది. ఆమె పండగకి వచ్చి మళ్ళీ వెళ్ళాలి. ఉప్పల్ వైపుకి ఇంకో మేలు ఏమిటంటే చర్లపల్లిలో కొత్త టెర్మినల్ 2025 జనవరిలో తెరిచారు. మన వైపు రైళ్ళు కొన్ని అక్కడ ఆగుతున్నాయి. అనకాపల్లిలో ఎక్కి అక్కడ దిగితే సికింద్రాబాద్ రద్దీలో పడక్కర్లేదు.

విశాఖలో ఉద్యోగమున్న పిల్లల విషయంలో నా మాట వేరు. మనకి విశాఖ యాభై కిలోమీటర్లు లోపే. పరవాడ, అచ్యుతాపురం, గాజువాకలో పని అయితే కంపెనీ బస్సు ఎక్కడిదాకా వస్తుందో కనుక్కుని అనకాపల్లిలోనో సబ్బవరంలోనో ఉంటే చాలు. అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా ఆరు వరసల రోడ్డు పడింది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలోనూ ఆడవాళ్ళకి బస్సు ఉచితం. ఆదివారం పూట పిల్లలు బండేసుకుని ఇంటికొచ్చి భోజనం చేసి పోతారు. జీతం హైదరాబాద్ కంటే కొంచెం తక్కువైనా అద్దె, ప్రయాణం, నాన్నమ్మ ప్రయాణాలు అన్నీ లెక్కేసి చూడండి. తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు.

చివరగా ఇల్లు చూసేటప్పుడు అడగాల్సినవి నాలుగు మాటలు.

ఇల్లు ఎండాకాలంలో చూడండి. మే నెలలో నీళ్ళున్న ఇంట్లో ఏడాదంతా ఉంటాయి. పడమటి వైపు చాలా అపార్ట్‌మెంట్లలో బోర్లు ఎండి ట్యాంకర్లు తెప్పిస్తారు, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో పడుతుంది. మున్సిపాలిటీ నీళ్ళు ఎన్ని రోజులకోసారి వస్తాయో ఓనర్ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి.

సోమవారం పొద్దున్న ఒకసారి, వాన పడిన సాయంత్రం ఒకసారి ఇంటి నుంచి ఆఫీసుకి వెళ్ళి చూడండి.

ఇద్దరి గంటలూ, పిల్లల బడీ కలిపి ఒకే కాగితం మీద రాయండి.

మొదటి రెండేళ్ళూ భూమి జోలికి వెళ్ళకండి.

మీ పిల్లలు ఏ వైపు ఉంటున్నారో, రోజుకి ఎంతసేపు ప్రయాణమో, అద్దె ఎంతో కింద రాయండి. ఇంకొకరికి పనికొస్తుంది. వచ్చే వారం కార్శి తోటకి ఎరువులు ఎప్పుడు వెయ్యాలో రాస్తాను, చాలామంది అడిగారు.

ఉంటాను మరి.